పొట్టోడు వచ్చి వెళ్ళాడు

ప్రియమైన మీకు,

మీరు క్షేమంగా చేరారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఆ చెక్కపని కార్ఖానా యజమాని పని మొదలెట్టే ముందు అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేస్తాడని చదివి, కుట్టుమిషను మీద తల వాల్చి ఏడ్చేశాను. పదకొండేళ్ళ కాపురంలో మీ గురించి సంతోషంతో ఏడవడం ఇదే మొదలనుకుంటా.

ఆసుపత్రిలో తాగుడు మాన్పించినా, ఇక్కడుంటే మళ్ళీ మొదలెడతారనే పంపాను. మానిన ప్రతిసారీ ఎవడో ఒకడు గుమ్మంలోకొచ్చి "అన్నా, ఒక్క అరగంట" అనేవాడు. ఆ అరగంట మూడు రోజులయ్యేది.

పాత షాపులో మీతో కలిసి పాలిష్ పని చేసిన పొట్టోడు నిన్న వచ్చాడు. మీ అడ్రసు కావాలట. తెలీదన్నాను. అబద్ధమే. ప్రభువు మన్నిస్తాడులెండి.

పాపకీ నాకూ బెంగగానే ఉంది. అయినా తొందరపడి రాకండి.

మీకోసం మోకాళ్ళ మీదుండే
మీ ఆవిడ

*

ప్రియమైన టైలరమ్మకి,

తాగుడు మాని నలభై రోజులైంది. చేతుల వణుకు తగ్గింది. మొన్న ఒక బీరువా తలుపు బిగించాను, అతుకులో వెంట్రుక కూడా దూరదు. యజమాని వేలితో తడిమి చూసి "ఇన్నాళ్ళూ ఈ చేతుల్ని ఎక్కడ దాచావయ్యా" అన్నాడు.

పాలిష్ గదిలోకి మాత్రం నన్ను పంపొద్దని బతిమాలుకున్నా. ఆ స్పిరిట్ వాసన ముక్కుకి తగిలితే నాలుక తడారిపోతుంది. పాపానికి దూరంగా పారిపోవడం పిరికితనం కాదని ఇక్కడి పాస్టర్ గారు చెప్పారు. నేను రోజూ పారిపోతూనే ఉన్నా.

పొట్టోడు చెడ్డవాడు కాదు. మా నాన్న పోయినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది వాడే. కానీ వాడి పక్కన కూర్చుంటే గ్లాసు ఎప్పుడు ఖాళీ అయిందో ఎప్పుడు నిండిందో నాకు తెలీదు. మళ్ళీ వస్తే తలుపు తీయకు. నా సంగతి నాకు తెలుసు కాబట్టే చెబుతున్నా.

పాపకి ముద్దులు.

నీ
వడ్రంగి

*

ప్రియమైన మీకు,

పొట్టోడు మళ్ళీ వచ్చాడు. మీరన్నట్టే తలుపు తీయలేదు, కిటికీలోంచే మాట్లాడాను. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. చేతులు మాత్రం వణుకుతున్నాయి.

"వదినా, నేనూ మానేద్దామనుకుంటున్నా. అన్న ఎలా మానాడో ఒక్కసారి అడిగి వచ్చేస్తా" అన్నాడు.

నాటకమనుకున్నాను. మీరు నా తల మీద చెయ్యేసి ఎన్నిసార్లు ఒట్టేశారో గుర్తొచ్చింది. "మీ అన్న అక్కడ బాగున్నాడు, బాగుండనివ్వు తమ్ముడూ" అని కిటికీ రెక్క దగ్గరికి లాగాను.

"సరే వదినా. ఆదివారం చర్చిలో ప్రార్థనకి నా పేరు కూడా చెప్పండి" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చింది, వెళ్ళింది. చెప్పలేదండీ. నలుగురిలో ఆ పేరెత్తడానికి నామోషీ అనిపించింది. "బాబాయికి మంచినీళ్ళైనా ఇవ్వలేదేంటమ్మా" అని పాప అడిగింది. దాన్ని కసిరాను.

నేను చేసింది సరైనదేనా? ఒక్క మాట రాయండి.

మీ ఆవిడ

*

ప్రియమైన నీకు,

సరిగ్గానే చేశావు. ఇకమీదట వాడి సంగతి నాకు రాయకు.

పనెక్కువగా ఉంది.

నీ వాడు

*

ప్రియమైన మీకు,

రాయొద్దన్నారు. అయినా రాయక తప్పడం లేదు. పొట్టోడు పోయాడు.

వాళ్ళ అక్క చెప్పింది. వారం రోజులుగా షాపుకి వెళ్ళలేదట, పాత స్నేహితులొస్తే గడియ తీయలేదట. ఒక్కడే గదిలో కూర్చుని మానేద్దామనుకున్నాడు. తాగడం ఆపిన మూడో రోజుకి ఫిట్స్ వచ్చాయి. ఆవిడ కూరగాయలకి వెళ్ళి వచ్చేసరికి నేల మీదున్నాడు. అన్నేళ్ళ అలవాటు ఒంటరిగా, ఒక్కసారిగా ఆపకూడదనీ, ఆసుపత్రిలో ఉంచి మాన్పించాల్సిందనీ డాక్టరు చెప్పాడట. మీరు మానినప్పుడు పన్నెండు రోజులు ఆసుపత్రిలో నేను పక్కనే ఉన్నాను కదా. ఆ ఒక్క ముక్క వాడికి చెప్పేదాన్ని. కిటికీ రెండు నిమిషాలు తెరిచి ఉంచితే చెప్పేదాన్ని.

నా మొగుణ్ణి కాపాడుకోవాలనే మూశానండీ. వాణ్ణి చంపాలని కాదు.

అలా గదిలో కూర్చునే ముందు బస్సెక్కి ఏదో ఊరు వెళ్ళొచ్చాడట. "అన్న కలవలేదు" అని మాత్రం అన్నాడట. ఆ అన్న ఎవరో వాళ్ళ అక్కకి తెలీదు. నాకు భయంగా ఉంది. మీ దగ్గరికి వచ్చాడా?

మీ ఆవిడ

*

ప్రియమైన నా ఇల్లాలికి,

వచ్చాడు.

కలప తెచ్చే లారీ డ్రైవరు దగ్గర జాడ తెలుసుకున్నాడట. మధ్యాహ్నం భోజనాల వేళ వాచ్‌మన్ వచ్చి "పొట్టిగా ఉన్నాయన మీకోసం అడుగుతున్నాడు" అన్నాడు. చెక్కల సందులోంచి చూశాను. చేతిలో సంచి ఉంది. సీసా తెచ్చాడనుకున్నా. నా గొంతు అప్పుడే తడారిపోయింది. "పని మానేసి వెళ్ళిపోయానని చెప్పు" అన్నాను. సాయంత్రం దాకా గేటు బయటే కూర్చుని వెళ్ళాడు.

మర్నాడు వాచ్‌మన్ నవ్వుతూ చెప్పాడు. సంచి తనిఖీ చేశాడట. ఒక జత బట్టలు, తువ్వాలు, పళ్ళు తోముకునే బ్రష్షు. నాతో ఉండిపోదామని వచ్చాడే వాడు.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం అందింది. వాడు మానాలనుకుంటున్నాడని చదివాను. అప్పుడైనా పరిగెత్తాల్సింది. సిగ్గేసింది. నీకు చెప్పలేక "రాయకు" అని రాశాను. ఇన్ని రోజులూ తప్పంతా నీదే అనుకుని నువ్వు కుమిలిపోతుంటే, నేను ఇక్కడ ప్రార్థనలో ముందు వరుసలో కూర్చున్నాను.

చెడు స్నేహాలు వదలమన్న దేవుడి మాట నిజమే. వదలకపోతే ఈపాటికి పోయేవాణ్ణి నేనే. కానీ వాడు నన్ను లాగడానికి రాలేదు, బయటపడ్డానికి వచ్చాడు. ఆ తేడా తెలియాలంటే గేటు దాకా నడవాలి. ఒంటరిగా నడవడానికి భయమైతే యజమానిని తోడు రమ్మంటే వచ్చేవాడు. ఇవాళ ఆయనకి అంతా చెప్పాను. నా పక్కన చెక్కపొట్టులో కూర్చుని ఏడ్చాడు.

నేను తాగలేదు. తాగాలని ఒళ్ళంతా పీకుతోంది, అయినా తాగలేదు. ఇది గొప్పగా రాయడం లేదు, నువ్వు హడలిపోతావని రాస్తున్నా.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నా. ఇద్దరం వాళ్ళ అక్క దగ్గరికి వెళ్దాం. తమ్ముడు చివరి రోజుల్లో మంచి దారి వెతుక్కుంటూ తిరిగాడని ఆవిడకి తెలియాలి. ఆ దారికి ఎవరు అడ్డం నిలబడ్డారో కూడా తెలియాలి. ఆవిడ ఏమన్నా పడదాం. నన్ను వెనకేసుకు రాకు. పక్కన ఉండు, చాలు.

నీ
వడ్రంగి