ఆ ఒక్క సైగ నాది

ప్రియమైన చెల్లెలికి,

మా బుడ్డిదాన్ని మీ వేసవి క్యాంపుకి పంపుతానని ఎందుకన్నానా అని ఇప్పటికే నాలుక కరుచుకుంటున్నాను. పైగా స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇవ్వాలి, మాట రాని పిల్ల సైగలన్నీ రాసి పంపమంటావా? సరే, రాసుకో. కళ్ళు పైకెత్తితే అవును. పెదాలు బిగిస్తే కాదు. మోచేత్తో వీల్‌చైర్‌ని తడితే బాత్రూమ్.

ఇంకొకటుంది. చెంపని భుజానికేసి రుద్దుతుంది. దాని అర్థం మాత్రం చెప్పను. అది నాకొక్కదానికే చేసే సైగ. నువ్వొస్తే చాలు, నిన్నే చూస్తూ నవ్వుతుంది, నా మొహం చూడదు. ఇదొక్కటైనా నాకు ఉండనీ. అవునే, కుళ్ళే. ఏం చేసుకుంటావో చేసుకో.

నీ మొండి అక్క

అక్కా,

ట్రైనింగ్ మొదలైంది. అందరినీ నోరు మూసుకుని కళ్ళతోనే మంచినీళ్ళు అడగమన్నాను. ఆటల మాస్టారు కాసేపు గుడ్లు తిప్పీ తిప్పీ, "మేడమ్, గొంతెండిపోతోంది, ఇక నా వల్ల కాదు!" అని అరిచేశాడు. అందరికీ ఒకటే నేర్పుతున్నాను: అర్థం కాకపోతే ఊహించొద్దు, పిల్లనే అడగండి.

నీకు పుణ్యముంటుంది, ఆ చెంప సంగతి చెప్పెయ్. నువ్వు లేనప్పుడు దానికి అవసరమైతే మేమేం చెయ్యాలి?

ప్రేమతో, చెల్లి

చెల్లీ,

దాన్ని క్యాంపులో దింపి వచ్చాను. మీ ఈత టీచర్ మోకాళ్ళ మీద కూర్చుని "నాతో వస్తావా?" అనగానే కళ్ళు పైకెత్తేసింది మహాతల్లి. నేను వెళ్ళొస్తానన్నా తల తిప్పలేదు. ఆ టీచర్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

చెప్పను. ఆ సైగ చేసి, ఎవరికీ అర్థం కాక, అమ్మే కావాలని ఏడవాలి. ఒక్క పూటైనా నా కోసం బెంగపెట్టుకుందని రాయి, చాలు. ఇలా కోరుకునే తల్లి ఉంటుందా అంటావేమో. ఉంది, నీకు ఉత్తరం రాస్తోంది.

అక్క

అక్కా,

మొదటి రోజంతా ఎటో చూస్తూ చెంప రుద్దుతూనే ఉంది. భుజం నొప్పేమోనని మందు రాశాను, వీల్‌చైర్ బెల్టు వదులు చేశాను. అందరికీ పాఠం చెప్పిన నేనే ఊహించాను చూడు! చివరికి ఏడుపు లంకించుకుంది. అప్పుడు ఈత టీచర్ ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. "నొప్పా?" పెదాలు బిగించింది. "అమ్మ కావాలా?" మళ్ళీ బిగించింది. "ఎత్తుకోనా?" కళ్ళు పైకెత్తింది. ఎత్తుకోగానే ఆ అమ్మాయి భుజం మీదే నిద్రపోయింది.

ఉత్తరం చింపకు, ఇంకా ఉంది. ఇప్పుడు వంటమనిషి నుంచి ఆటల మాస్టారు దాకా అందరికీ అదే సైగ. నాకు మాత్రం చెయ్యదు. నేను కనిపిస్తే చాలు, నా వెనక గుమ్మం వైపు చూస్తుంది. నేనెప్పుడూ నీ పక్కనే కదా దానికి కనిపించేది! నువ్వూ వచ్చావేమోనని వెతుకుతుంది. లేవని తెలిశాక మొహం మాడ్చుకుని అటు తిరిగిపోతుంది. నువ్వడిగిన బెంగ ఇదేనేమో, తీసుకో. చేతులు చాచి నిలబడ్డ నాకెంత కుళ్ళుగా ఉందో వేరే వాళ్ళకైతే చెప్పాలి, నీకక్కర్లేదు.

ఆదివారం రా. ముందు నువ్వు లోపలికి నడు, నేను నీ వెనకే వస్తాను.

నీ చెల్లి