ఓపిక లేని పిల్ల

ప్రియమైన అక్కకి,

నువ్వు అల్లి పంపిన ఊలు టోపీ అందింది. నా తలకే సరిపోయేలా ఉంది. పుట్టబోయేది బిడ్డా, గుమ్మడికాయా అని నీ మరిది అడుగుతున్నాడు. నా పొట్ట చూస్తే ఆయన అనుమానంలో తప్పేమీ లేదనిపిస్తోంది. షాపులో కత్తిరింపు పని మాన్పించేశారు. బల్లకీ నాకూ మధ్య పొట్ట అడ్డం వచ్చి గుడ్డ అందడం లేదు. స్కూలు యూనిఫారాలకి బొత్తాలు కుట్టే పని ఇంటికి తెచ్చుకున్నాను. మా పిచ్చుక పక్కనే కూర్చుని ఒక్కో బొత్తం అందిస్తూ, "చెల్లి వచ్చాక దానికీ నేనే అన్నీ అందిస్తా" అంటోంది. తమ్ముడైతేనో అంటే వినిపించుకోదు.

అక్కా, ఫోనులో చెప్పలేని మాట ఒకటి రాద్దామని కూర్చున్నాను. నీ దగ్గర ఫోను సరిగ్గా అందదు. అందినా "ఆ? ఏంటీ?" అనుకోవడానికే సరిపోతుంది. సంగతేమిటంటే, ఈసారి కాన్పుకి అమ్మని ఆస్పత్రికి రావద్దన్నాను. "నువ్వు ఇంట్లో ఉండి పిచ్చుకని చూసుకో, అది చాలు" అన్నాను. అమ్మ "సరేలే" అంది. అమ్మ అంత తొందరగా సరే అనడం నువ్వెప్పుడైనా చూశావా? నీకు ఈపాటికి చెప్పే ఉంటుంది, నువ్వు నన్ను తిట్టుకునే ఉంటావు. కానీ ముందు నా మాట విను.

పిచ్చుక పుట్టిన రోజు నీ మరిది డ్యూటీలో ఉన్నాడు, ఆయన నడిపే బస్సు ఊరికి ఆ చివర ఉంది. నా పక్కన అమ్మ ఒక్కతే. నొప్పులతో మెలికలు తిరుగుతూ మంచం కోడు పట్టుకుని ఉన్నాను. మధ్యలో డాక్టరు అమ్మని బయటికి పిలిచి ఏదో మాట్లాడాడు. అమ్మ లోపలికి వచ్చి, నా మొహమైనా చూడకుండా నర్సుతో అంది కదా, "దీనికి ఓపిక లేదమ్మా. చిన్నప్పటినుంచీ అంతే. ఆపరేషన్ చేసెయ్యమనండి."

అంతే. నాకు మత్తు ఇచ్చేశారు. కళ్ళు తెరిచేసరికి పిల్ల అమ్మ ఒళ్ళో ఉంది. నేను నిద్రపోతుంటే ఎవరో తెచ్చి ఇచ్చి వెళ్ళినట్టు అనిపించింది. ఎందుకు కోశారని నేను డాక్టరుని అడగలేదు. అడగడానికేముంది, నాకు ఓపిక లేకపోయె కదా! అప్పటినుంచి ఆ మాట నన్ను వదల్లేదక్కా. మిషను మీద దారం తెగి విసుక్కుంటే అదే మాట. పిచ్చుక జ్వరంలో మారాం చేసినప్పుడు ఒక్క కసురు కసిరితే అదే మాట. అమ్మ సరిగ్గానే చెప్పింది, నాకు ఓపిక లేదు అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. అమ్మతో నవ్వుతూనే ఉన్నాను, పండూ ఫలమూ తెస్తే తింటూనే ఉన్నాను, లోపల మాత్రం కుళ్ళిపోతూనే ఉన్నాను.

ఇప్పటి డాక్టరమ్మ కూడా మొదటిది ఎందుకు ఆపరేషన్ అయిందని అడిగారు. "నొప్పులు ఓర్చుకోలేకపోయానండీ" అన్నాను. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసి, "అందుకని ఎవరూ కొయ్యరమ్మా" అన్నారు. మంచావిడ, నన్ను ఊరడించడానికి అలా అని ఉంటారు. అన్నీ బాగుంటే మామూలు కాన్పుకే ప్రయత్నిద్దామని ఒప్పుకున్నారు. ఈసారి నా బిడ్డని నేను కనాలి. మెలకువగా ఉండి, అందరికంటే ముందు నేను చూడాలి. ఆ మాట అన్న మనిషి పక్కనుంటే అది నా వల్ల కాదు. నన్ను కోప్పడకు.

నీ చెల్లి
(గుమ్మడికాయతో సహా)


అక్కా, నా బంగారు అక్కా,

కొడుకు పుట్టాడు. వాడూ బాగున్నాడు, నేనూ బాగున్నాను. నీ టోపీ వాడికి అచ్చంగా సరిపోయింది. ఆ తల కొలత ఎంతో కన్నదాన్ని, నాకు తెలియదూ!

నిన్న మధ్యాహ్నం బొత్తం కుడుతుంటే నడుం పట్టేసినట్టు అయింది. సూది గుడ్డకి గుచ్చేలోపే ఇంకో నొప్పి వచ్చింది. ఇక ఆగే బేరం కాదని తెలిసిపోయింది. అదృష్టం కొద్దీ నీ మరిది ఇంట్లోనే ఉన్నాడు. పిచ్చుక దగ్గరికి రమ్మని అమ్మకి ఫోను చేశాడు గానీ, అమ్మ వచ్చేదాకా నేను ఆగేలా లేను. పిచ్చుకని పై వాటాలో టీచరుగారికి అప్పగించి, ఎదురింటాయన కారు అడిగి తీసుకుని బయల్దేరాం.

నీ మరిది ఎన్నేళ్ళుగానో ఒకే దారిలో బస్సు నడుపుతున్నాడు కదా. ఆస్పత్రి ఉన్నది ఆ దారిలోనే. కంగారులో ఆయన బుర్ర ఎక్కడికి పోయిందో గానీ, కాళ్ళూ చేతులూ మాత్రం డ్యూటీ ఎక్కేశాయి. మొదటి బస్‌స్టాపు రాగానే కారు పక్కకి తీసి ఆపాడు. నేను వెనక సీటు కవరు పీకుతూ, "ఏమైందీ?" అన్నాను. "అయ్యయ్యో" అంటూ కదిలించాడు. రెండో స్టాపు రాగానే మళ్ళీ ఆపాడు. ఒక పెద్దాయన కిటికీలోకి వంగి, "మార్కెట్టు మీదుగా వెళ్తుందా బాబూ?" అని అడిగాడు. అప్పుడు నేను పెట్టిన కేకకి పాపం ఆయన మార్కెట్టు సంగతే మర్చిపోయి ఉంటాడు.

మూడోసారి ఆపినప్పుడు ఇక నోటికొచ్చినట్టు తిడదామని లేచి కూర్చున్నాను. నా పక్క తలుపు తెరుచుకుంది. చూద్దును కదా, అమ్మ! మా ఇంటికి రావాలంటే అక్కడే కదా బస్సు మారాలి. చేతిసంచీతో నిలబడి ఉంది, కారులో అల్లుణ్ణి చూసి చెయ్యెత్తిందట. తలుపు తీసింది గానీ లోపల కాలు పెట్టలేదు. నన్ను చూసి, తప్పు చేసినదానిలా, "నేను పిచ్చుక దగ్గరికే వెళ్తున్నానే. మీరు పోనివ్వండి బాబూ, ఆలస్యం చెయ్యకండి" అని తలుపు వెయ్యబోయింది.

సరిగ్గా అప్పుడే నొప్పి వచ్చింది. చేతికి ఏది అందితే అది పట్టుకున్నాను. అందింది అమ్మ చెయ్యి. నొప్పి తగ్గాక కూడా ఎందుకో వదల్లేకపోయాను. "ఎక్కమ్మా" అన్నాను.

ఆస్పత్రిలో పొట్టకి బెల్టు కట్టి, బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషను పెట్టారు. లావుపాటి నర్సమ్మ ఒకావిడ నా నడుం రాస్తూ, "సిగ్గుపడకుండా అరిచెయ్యి తల్లీ, మా పైకప్పు గట్టిదే" అంది. ఆవిడ నవ్వించకపోతే ఏమైపోయేదాన్నో. అమ్మ మూల స్టూలు మీద కూర్చుంది. నేను అరిచినప్పుడల్లా సంచీ పట్టీని మెలితిప్పుతోంది. ఏదైనా మాట్లాడుతుందేమోనని భయపడ్డాను. మాట్లాడకపోతే ఇంకా భయం వేసింది.

చాలాసేపటికి, పరుగులు తీస్తున్న ఆ చప్పుడు ఉన్నట్టుండి మెల్లబడింది. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నాకే చెప్పారు, "బిడ్డ గుండె కాస్త తగ్గుతోందమ్మా. ఎడమవైపుకి తిరుగు, చూద్దాం. పుంజుకోకపోతే థియేటరుకి తీసుకెళ్తాం."

అమ్మ ఒక్క ఉదుటున లేచి వచ్చింది. నా మొహం చూడకుండా డాక్టరమ్మతో అంది, "దీనికి ఓపిక లేదు డాక్టరమ్మా. చిన్నప్పటినుంచీ అంతే. ఆపరేషన్ చేసెయ్యండి."

అదే మాట, అదే గొంతు. కానీ ఈసారి నేను పక్కకి తిరిగి ఉన్నాను. నా కళ్ళకి ఎదురుగా మంచం కడ్డీని పట్టుకున్న అమ్మ చెయ్యి ఉంది. ఆ వణుకుకి కడ్డీ గణగణలాడుతోంది. డాక్టరమ్మ చెప్పింది నేను విన్నాననే ధ్యాస కూడా అమ్మకి లేదు.

"అమ్మా, పిచ్చుకప్పుడు కూడా ఇంతేనా?" అన్నాను.

"ఇప్పుడు నీకెందుకే అవన్నీ? ఊపిరి తీసుకో."

"దాని గుండె కూడా ఆగబోయిందా? చెప్పమ్మా."

"చెప్తే నువ్వు అక్కడే బెంగతో పోయేదానివి. ఓపిక లేదన్నాననుకో, నా మీద కోపం వస్తుంది, అంతేగా. కోపంతో ఎవరూ చావరు."

"మరి తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"తర్వాత పిల్ల బాగానే ఉందిగా. ఇంక చెప్పడానికేముంది?"

చూశావా అక్కా, ఇదీ మన అమ్మ! ఇన్నేళ్ళ నా ఏడుపు ఆవిడకి చెప్పడానికేమీ లేని సంగతి. నవ్వాలో ఏడవాలో తెలియక నేను పడుకుని ఉంటే, మిషనులో చప్పుడు మళ్ళీ పరుగు అందుకుంది. డాక్టరమ్మ కాసేపు విని, "ఫరవాలేదు, మనం ముందుకే వెళ్దాం" అన్నారు. ఆవిడ చల్లగా ఉండాలి.

చప్పుడు తగ్గిన ఆ కాసేపు నేనేం కోరుకున్నానో నీకు చెప్పాలి. కోస్తారో ఏం చేస్తారో, నా బిడ్డని బతికిస్తే చాలనుకున్నాను. నా అంతట నేను కనాలన్న పట్టుదల గుర్తుకైనా రాలేదు. అమ్మ ఆ రోజు అనుకున్నదీ అదే కదా. పిచ్చుకని కూడా నేనే కన్నానక్కా, ఎవరూ తెచ్చి ఇవ్వలేదు.

ఆ తర్వాత అమ్మ నా వీపు వెనక చేరి పట్టుకుంది. "ఇక నా వల్ల కాదమ్మా" అని ఏడిస్తే, "నీ వల్ల కాకపోతే ఎవరి వల్ల అవుతుందే? ఈ వయసులో నన్ను కనమంటావా?" అంది. నర్సమ్మ పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే వాడు బయటపడ్డాడు. తడితడిగా, వెచ్చగా తెచ్చి నా గుండెల మీద పెట్టారు. అందరికంటే ముందు నేనే చూశాను. అమ్మ చూడనే లేదు. గోడవైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

నీ మరిదితో, స్టాపులన్నిటి దగ్గరా ఆపినందుకు తిట్టాలో మెచ్చుకోవాలో తెలియట్లేదన్నాను. "చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోతే పై ఆఫీసుకి ఫిర్యాదు వెళ్తుంది" అన్నాడు మొహం సీరియస్‌గా పెట్టి. పిచ్చుక తమ్ముణ్ణి చూసి చెల్లి కాదని కాసేపు అలిగి, ఇప్పుడు వాడి గుప్పిట్లో బొత్తం పెడతానని కూర్చుంది.

అమ్మకి ఏదో చెప్పాలని పొద్దుటినుంచీ చూస్తున్నాను. నోరు విప్పితే, "పడుకోవే" అంటోంది. ఇందాక నర్సమ్మ కుట్లు చూడడానికి వచ్చి, "మీ అమ్మాయికి ఎంత ఓపికండీ! నేను ఎంతమందినో చూశాను" అంది. అమ్మ వాడి టోపీ సర్దుతూ, తలైనా ఎత్తకుండా, "దానికెక్కడి ఓపికమ్మా, చిన్నప్పటినుంచీ అంతే" అంది. కుట్లు లాగేస్తున్నా నవ్వు ఆపుకోలేకపోయాను. అమ్మ చెయ్యి లాక్కుని ముద్దు పెట్టుకున్నాను.

ఇట్లు,
ఓపిక లేని
నీ చెల్లి