ఎడమ కాలికి ఒకటి

అక్టోబర్ 14

నా భార్య యెల్కా పోయి ఐదు రోజులు. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండానే పోయింది. నేను వచ్చేసరికి చేతులింకా వెచ్చగా ఉన్నాయి.

ఈ రోజు అల్మరాలో ఆ చిన్న బోర్డు కనబడింది. అగ్గిపెట్టెంత ఉంటుంది. పిల్లలకు కోడింగ్ నేర్పడానికి తనకు బడిలో ఇచ్చారు. పోయిన రోజు మధ్యాహ్నం దాన్ని నడుము బెల్టుకు తగిలించుకుంది. అడుగులు లెక్కపెట్టే ప్రోగ్రాం రాశాను, నాతో సముద్రం పక్కన రివా గట్టు మీద నడిచి చూడు అంది. రేపు చూద్దాంలే అన్నాను. మైదానంలో బంతులు విసిరే బలోటె ఆటకు వెళ్లిపోయాను.

డాక్టరు బెల్టు విప్పినప్పుడు అక్కడ పెట్టినట్టున్నాడు. బ్యాటరీ ఇంకా ఉంది. బటన్ నొక్కాను. ఎర్రచుక్కల్లో ఒక్కో అంకే జరిగిపోయింది. 2846.

అంటే నేను రాకపోయినా వెళ్లింది. ఎక్కడికి?

అక్టోబర్ 15

బోర్డును కదిలించడం లేదు. కదిలిస్తే లెక్క పెరుగుతుంది. అవి తన అడుగులు. అల్మరా తలుపు కూడా మెల్లగా వేస్తున్నాను.

అక్టోబర్ 17, ఉదయం 10

చుక్కలు మసకబారాయి. బ్యాటరీ అయిపోతే లెక్క పోతుందని భయం. కరెంటు అందుతుంది కదా అని కంప్యూటర్ వైరు తగిలించాను. ముప్ఫై ఒక్క ఏళ్లు సర్వే ఆఫీసులో పనిచేసిన బుర్ర ఇది.

అది మళ్లీ మొదటినుంచి మొదలైంది. 0.

అక్టోబర్ 18

ఏమీ రాయబుద్ధి కాలేదు.

అక్టోబర్ 21

కొత్త బ్యాటరీ వేసి నా బెల్టుకు తగిలించుకున్నాను. బడిదాకా నడిచాను, మనసులో లెక్కపెట్టుకుంటూ. నా లెక్క 1204. బోర్డు లెక్క 2408.

నమ్మకం కుదరక చేపల బజారుకు నడిచాను. నాది 655. దానిది 1310.

ఇద్దరు నడిచినట్టు. సందులో వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. చూసినందుకు సిగ్గేసింది.

అక్టోబర్ 22

బడిలో యెల్కాతో పనిచేసిన దుబ్రావ్కాను కలిసి రెట్టింపు లెక్క సంగతి చెప్పాను. అయ్యో నిక్షా గారూ, ఇలా చిక్కిపోయారేంటి, ముందు ఆ కేకు తినండి, దయ్యాల కథ తర్వాత వింటాను అంది. యెల్కా రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్లో తెరిచింది. పన్నెండు లైన్లు. గట్టి కుదుపు తగిలిన ప్రతిసారీ లెక్కకు రెండు కలపాలని ఉంది. ఒకటి కాదు, రెండు. పక్కన యెల్కా తనకోసం రాసుకున్న మాట: కుడి కాలు గట్టిగా పడుతుంది. ఎడమది ఈడుస్తాను, బోర్డుకు తెలీదు. ఎడమ కాలికీ ఒకటి.

తుంటి ఆపరేషన్ అయి నాలుగేళ్లు. ఆ నడక విని విని, వినడం మానేశాను.

టీచర్, మీ దాంట్లో బేసి సంఖ్య రానే రాదేంటి అని పిల్లలు ఏడిపించేవాళ్లట. మా ఇంట్లో ఇద్దరం కదర్రా అనేదట.

సరిచేసి ఇమ్మంటారా, ఒక్క నిమిషం పని, పాతది చెరిగిపోతుంది అంతే అంది దుబ్రావ్కా. వద్దన్నాను. రెండో కేకు ముక్క పొట్లం కట్టిచ్చింది.

అక్టోబర్ 24

దుబ్రావ్కా ఫోన్ చేసి ఒక సంగతి చెప్పింది. యెల్కా ఒకసారి క్లాసులో టేపు పరిచి పది అడుగులు వేసి చూపించిందట. ఐదు మీటర్ల పది సెంటీమీటర్లు.

లెక్క కట్టాను. 2846 అడుగులంటే 1451 మీటర్లు. వెళ్లి రావడం కాబట్టి సగం, 725.

ఊరి మ్యాపు తీసి మా గుమ్మం నుంచి దారుల వెంట కొలిచాను. చేపల బజారు 460. బడి 840. శ్మశానం 900. రివా చివర 1100. 725 దగ్గర ఉన్నది ఒక్కటే. బలోటె మైదానం.

మ్యాపు మడిచి పెట్టేశాను.

అక్టోబర్ 27

మూడు రోజులు ఆగి మైదానానికి వెళ్లాను. రోజూ నాతో ఆడే ష్పీరో చేతిలో బంతి కింద పడేసి వచ్చాడు. ఒరేయ్ నిక్షా, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా, నువ్వు లేక ఈ పీనుగులతో ఆడలేక చస్తున్నా అని, నాలుక కరుచుకున్నాడు.

ఆ రోజు యెల్కా ఇక్కడికి వచ్చిందా అని అడిగాను. వచ్చిందిగా, అన్నాడు. ఆ పైన్ చెట్టు కింద నిలబడింది. నువ్వేమో మోకాళ్ల మీద ఉన్నావు, గురి పెట్టే చిన్న బంతికి నీ బంతి దగ్గరా నా బంతి దగ్గరా అని టేపు పట్టుకుని. కొలిచేటప్పుడు ఎవడూ నోరు మెదపకూడదు కదరా. అయినా పిలవబోయాను. వేలు పెదాల మీద పెట్టి వద్దంది. తర్వాత మనం గొడవపడ్డాం, నీది దొంగ టేపని నేను, నీవి దొంగ కళ్లని నువ్వు. తిరిగి చూసేసరికి లేదు. సమాధి దగ్గర చెబుదామంటే నోరు రాలేదురా.

ఆ రోజు నాలుగు మిల్లీమీటర్ల తేడాతో గెలిచాను. అందరిచేతా ఒప్పించడానికి మూడుసార్లు కొలిచాను. తను ఆ మూడుసార్లూ ఆగిందో, ఒక్కసారే ఆగిందో ష్పీరోకు తెలీదు.

అక్టోబర్ 28

ఆ పైన్ చెట్టు కింద నిలబడి చూశాను. అక్కడినుంచి ఆటగాడి వీపు మాత్రమే కనబడుతుంది.

నవంబర్ 1

సర్వ పునీతుల పండుగ. శ్మశానం నిండా చామంతులు, దీపాలు. నేనూ పెట్టాను. రేపు రివా మీద నడుద్దాం అన్నాను. పైకే అన్నట్టున్నాను, పక్క సమాధి దగ్గరున్న ఆవిడ తల తిప్పి చూసింది. ఈసారి రేపు అంటే రేపే.

నవంబర్ 2, సాయంత్రం 4

బోర్డును సున్నా చేసి బెల్టుకు తగిలించుకుని రివా చివరిదాకా నడిచాం. మెల్లగా.

3117.

మూడుసార్లు నొక్కి చూశాను. రెండేసి తప్ప కలపడం దానికి రాదు.

బ్యాటరీ తియ్యలేదు.