మూడో గురుతు

26 జనవరి 2003, ఆదివారం

సావిత్రి అడిగేసింది. పన్నెండేళ్లకి.

కింద పోర్షన్ వాళ్ల మనవరాలి బారసాలకి వెళ్లొచ్చి, చీరైనా మార్చుకోకుండా వంటింటి గడప మీద కూర్చుంది. "అలా పోయిన పిల్లల్ని ఆస్పత్రివాళ్లు ఎక్కడ పెడతారండీ?" పక్కింటి సంగతి అడిగినట్టు అడిగింది.

ఆస్పత్రివాళ్లే చూసుకున్నారని అప్పుడు చెప్పింది నేనే. ఆ అబద్ధం మీద పన్నెండేళ్లు కాపురం చేశాం. ఇవాళ నోరు జారాను. వాళ్లు కాదు, మా నూకరాజు తీసుకెళ్లాడు, చోటు నాకు తెలుసు అన్నాను.

"తీసుకెళ్తారా?"

తీసుకెళ్తానన్నాను. తెలిస్తే కదా!

27 జనవరి

ట్రంకు పెట్టె అడుగున 91 డైరీ. దొరికింది. ఆ రోజు పేజీలో రెండే వాక్యాలు, నూకరాజు చెబుతుంటే నేను రాసుకున్నవి.

లైట్‌హౌసు నీళ్ల ట్యాంకు వెనక దాక్కోవాలి.
సింహాచలం కొండ గాటు ఇటుకబట్టీ గొట్టం మీదికి రావాలి.

నూకరాజు మా సర్వే లాంచి మీద చేసేవాడు. వాళ్లది తాతల నుంచీ వేట. సముద్రంలో చేపలుండే చోటు వాళ్లు ఇలాగే గుర్తుపెట్టుకుంటారు. ఒడ్డు మీది రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి వస్తే ఒక గీత. అలాంటి గీతలు రెండు కలిసేది ఒక్కచోటే. నా కూతుర్ని కూడా అలాగే గుర్తుపెట్టాడు.

ఒక్కరోజు పిల్ల. పేరు లేదు. వరండాలో నర్సు ఆ మూట చాపితే నా చేతులు లేవలేదు. ఎంత చెప్పుకున్నా లేవలేదు. నూకరాజు అందుకున్నాడు. "నువ్వుండు బావా, నానెల్తాను" అన్నాడు. నేనుండిపోయాను... ఆరోజే కాదు, ఆ తర్వాత కూడా.

30 జనవరి

పోర్టు ఆఫీసులో తేదీ ఖాయమైంది. ఓడల ఛానెల్ తవ్విన బురదంతా పైపుల్లో తెచ్చి ఉప్పునీటి గెడ్డ అవతలి దిబ్బ మీద పోస్తారు. నూకరాజు ఆ మూటతో వెళ్లింది ఆ దిబ్బకే. ఫిబ్రవరి 17, సోమవారం నుంచి.

డిసెంబరులో ఆ దిబ్బ చుట్టూ ఎర్ర పెన్సిల్ గీత గీసింది నేనే. మధ్యలో చెయ్యి ఆగింది. టీ వచ్చింది. తాగి, మిగతా గీత గీశాను.

2 ఫిబ్రవరి, ఆదివారం

వెళ్లాను. మొదటిసారి.

రైల్వే యార్డు వెనక పాత గట్టు. పోటు తీస్తే మోకాలి లోతు. దాటితే దిబ్బ. ఒకప్పుడు జనం కట్టెలకి వచ్చేవారట, ఆ బాట ఇప్పుడు తుంగ కింద ఎక్కడుందో. సర్కారు తుమ్మ ముళ్లు. మడచెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకుని... చూసి అడుగెయ్యాలి. పోర్టు చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఊరు మాత్రం కనిపించదు.

అసలు తిప్పలు అక్కడే. చెట్లు ఎదిగిపోయాయి. కొండ లేదు, గొట్టం లేదు, అన్నీ ఆకులే. నడవడం, ఆగడం, మునివేళ్ల మీద లేచి చూడడం. ఈ వయసులో ఒక మొద్దు కూడా ఎక్కాను. గంటన్నర పట్టింది. చివరికి ట్యాంకు వెనక లైట్‌హౌసు దాక్కుంది. గొట్టం మీదికి కొండ గాటు వచ్చింది.

కాళ్ల కింద చూస్తే గెడ్డ ఒడ్డు. అలలు కొడుతున్న బురద. ఇంకేం లేదు.

ఇక్కడెలా పాతిపెడతాడు మనిషన్నవాడు! మొదటి పోటుకే... కూర్చుండిపోయాను.

లేస్తుంటే కనిపించింది, ఒడ్డు నుంచి లోపలికి వెళ్లే సన్నటి బాట. దిబ్బంతా ఇలా మూసుకుపోతే ఇదొక్కటీ తెరుచుకునే ఉంది. పది అడుగులు వేశాను. బురదలో ఏదో మెరిసింది. తీసి కడిగాను. నల్లగాజు. నా మూడు వేళ్లు కూడా పట్టనంత చిన్నది.

లోపల ఎక్కడో పసిపిల్ల ఏడ్చినట్టు... నీటికోడి. నీటికోడేనని నాకూ తెలుసు. అయినా పరుగెత్తాను. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

3 ఫిబ్రవరి

గాజు ఆఫీసు పెన్సిల్ డబ్బాలో పెట్టాను. దారి దొరికిందా అని సావిత్రి. దొరికింది, బురద ఎక్కువగా ఉందన్నాను. రెండో చెప్పు ఏమైందని అడగలేదు.

6 ఫిబ్రవరి

డబ్బా మూత తీయడం. మూయడం. పనేమీ సాగలేదు.

బతికుంటే ఈపాటికి ఆ గాజు దాని చేతికి ఎక్కేది కాదు. ఇలాంటి లెక్కలు ఇన్నాళ్లూ రానివ్వలేదు. ఇప్పుడు నేను ఎక్కడికి వెళ్తే అవీ అక్కడికే వస్తున్నాయి.

9 ఫిబ్రవరి, ఆదివారం

మళ్లీ వెళ్లాను. నా చెప్పు బాట పక్కన బోర్లించి ఉంది. నేను వదిలిన చోట కాదు.

నిలబడిపోయాను. అప్పుడు చూశాను, రెండు పక్కలా తుంగ ఏటవాలుగా నరికి ఉంది. కొడవలి వేటు, ఇంకా పచ్చిగానే. దయ్యానికి కొడవలెందుకు? పిరికివాడిని గానీ మరీ అంత వెర్రివాడిని కాదు. ఎవరో మనిషి. ఏళ్ల తరబడి వస్తున్న మనిషి.

ఎవరో అప్పుడే తెలిసింది. తెలిసాక దయ్యమైతేనే నయమనిపించింది.

11 ఫిబ్రవరి

తెల్లారాక ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. వేలంపాట అయిపోయింది. నూకరాజు భార్య పోలమ్మ చేపలు ఆరబెడుతోంది. నూకరాజు కామెర్లతో పోయి ఆరేళ్లు. చావుకి కూడా వెళ్లలేదు నేను. వెళ్తే ఆ చేతుల్ని చూడాలి. నా కూతుర్ని మోసిన చేతులు.

తిట్టలేదు. పీట వేసింది. "సెప్పు నీదేనా అన్నియ్యా" అంది.

ప్రతి మాఘ పున్నమికీ వెళ్తుందట. ఆ పోటుకే పడవ గెడ్డలోకి పోతుంది. బాట మూసుకుపోకుండా ముందు వారమే గట్టు మీద నుంచి వెళ్లి తుంగ కోసి వస్తుంది. "ఆయన పోయే ముందర సెప్పినాడు. బావోళ్లకి ఈ ఊర్లో ఎవులూ నేరు, ఆ పిల్లనొగ్గీకు అని." అందుకని. ఏడాదికో జత గాజులు.

నేను కూర్చున్న ఒడ్డు అసలు చోటు కాదట. ఆ రెండు గుర్తులూ పడవ ఆపడానికే. వేటవాళ్లకి మూడో గుర్తు కూడా ఉంటుంది, బయటివాళ్లకి చెప్పరు.

"మూడోది కంటిది కాదు, సెవిది. లైట్‌హౌసుకి ఈపు పెట్టి నడవాల. నీల్ల సప్పుడు ఇనపడ్డం మానేసిన కాడ ఆగాల. పిల్లకి నీల్ల సప్పుడు ఇనపడకూడదని అక్కడెట్టినాడు."

పన్నెండేళ్లూ నేను బయటివాడినే. కాదని ఎలా అనను?

సోమవారం సంగతి చెప్పాను. చేపలు తిరగేస్తూనే వింది.

"గెడ్డ కూడా పూడ్సెత్తారేటి?"

పూడుస్తారన్నాను.

"అయితే ఇంకెక్కడ నిలబడినా సప్పుడు ఇనపడదు" అంది.

13 ఫిబ్రవరి

ఆదివారం వెళ్దామని సావిత్రికి చెప్పాను. ఏం తీసుకెళ్లాలండీ అంది. ఏమో, నాకేం తెలుసు!

బురద పోస్తారన్న సంగతి చెప్పాలి. ఇవాళ చెప్పలేదు.

15 ఫిబ్రవరి

ఇవాళా చెప్పలేదు.

16 ఫిబ్రవరి, ఆదివారం. మాఘ పున్నమి

రాయకపోతే రేపటికి దీన్ని కూడా మార్చి చెప్పుకుంటాను.

పొద్దున నిండు పోటు. పోలమ్మే తెడ్డు వేసింది. సావిత్రి ఒళ్లో చిన్న గుడ్డ సంచి. అందులో ఏముందో చెప్పలేదు, నేనడగలేదు. ట్యాంకు వెనక లైట్‌హౌసు దాక్కుంది. పడవ ఆగింది.

పోలమ్మ ముందు, సావిత్రి వెనక, ఆ వెనక నేను. అలల చప్పుడు సన్నగిల్లింది. ఇంకో పది అడుగులు. ఇంకొన్ని... ఉన్నట్టుండి లేదు. అంత నిశ్శబ్దం ఈ ఊళ్లో ఉందని నాకు తెలియదు.

ఎత్తయిన, పొడి నేల. చిన్న తుమ్మ మొక్క. కొమ్మలనిండా నల్లగాజులు. ఉప్పుగాలికి తెల్లబడినవి కొన్ని, పోయిన ఏడాదివి ఇంకా మెరుస్తూ. కింద చీపురుతో ఊడ్చిన గీతలు.

సావిత్రి ఏడవలేదు. ఒక్కొక్క గాజే ముట్టుకుంది. కోసిన తుంగని చూసింది, బాటని చూసింది. తర్వాత నన్ను.

"ప్రతి ఏడూ వస్తున్నారా మీరు?"

అటు చూస్తే పోలమ్మ కూర్చుని గడ్డి పీకుతోంది. తల ఎత్తలేదు.

కాదు అనాలి. ఒక్క మాట. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకొక్కసారైనా చెప్పలేదేమండీ" అని నా చెయ్యి పట్టుకుంది. బయట, ఇంకో మనిషి ముందు సావిత్రి నా చెయ్యి పట్టుకోవడం పెళ్లయ్యాక ఇదే. నర్సు ముందు లేవని చెయ్యి. దాన్ని కళ్లకద్దుకుంది. అప్పుడు ఏడ్చింది.

నేను ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

సంచిలోంచి తను కుట్టిన గౌను తీసింది. రంగు వెలిసింది. ఎప్పుడు కుట్టిందో, ఇన్నేళ్లూ ఎక్కడ దాచిందో. గాజుల పక్కన కట్టింది.

గట్టుకి చేరాక సావిత్రి ముందు దిగింది. నేను ఆగి, చెల్లెమ్మా అన్నాను.

"నీల్లు తీసెత్తన్నాయి అన్నియ్యా, దిగు" అంది పోలమ్మ.

17 ఫిబ్రవరి, సోమవారం

పైపు పని తొమ్మిదింటికి మొదలైంది. ఆఫీసు మేడ మీది నుంచి కనిపిస్తుంది. మేడెక్కలేదు.

గాజు ఇంకా డబ్బాలోనే ఉంది. నిన్న కట్టి రావాల్సింది. ఇప్పుడు దిబ్బ మీద లేని గాజు ఇదొక్కటే.

పొద్దున క్యారేజీ కడుతూ సావిత్రి పాట పాడింది. మెల్లగా, ఏ పాటో తెలియకుండా. గుమ్మం దాకా వచ్చి క్యారేజీ చేతికిచ్చింది. వచ్చే మాఘ పున్నమి నుంచి ఇద్దరం వెళ్దామండీ, గాజులు నేను కొంటాను అంది.

సరే అన్నాను.