ఎడమ చేతి కోత

నవంబర్ 4
సైన్స్ ఎగ్జిబిషన్‌కి ప్రాజెక్టు ఖాయమైంది. నిలబడి ఆడే వీడియో గేమ్ పెట్టె. ఆర్కేడ్ కేబినెట్ అనాలట. కంప్యూటర్ సంగతి నా పక్క బెంచీ సోడాబుడ్డి చూసుకుంటుంది, వాళ్ళన్నయ్య పాతది ఇస్తానన్నాడట. చెక్కపని నాది. కొత్త సామాను కొనకూడదు, పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదు. సైన్స్ సార్ పెట్టిన రూల్స్ ఈ రెండే.

షెడ్డులో ఒక మూల ఇమ్మని నాన్నని అడిగాను. వడ్రంగి షెడ్డు ఆడపిల్లల ఆటస్థలం కాదన్నాడు. నడక వచ్చినప్పటినుంచీ అది అక్కడే కదా పడి ఉండేది అని అమ్మ వంటింట్లోంచి అంది. చివరికి ఒక మాటకి వచ్చాడు. ఫస్ట్ ప్రైజ్ తెస్తే షెడ్డులో నాకంటూ ఒక పనిబల్ల వేస్తాడట. తేకపోతే ఇక జన్మలో రంపం ముట్టుకోకూడదట.

తేదీ వేసి రాసిపెడుతున్నాను. ఈయన మాట మార్చడంలో దిట్ట.

నవంబర్ 9
ఫ్రిజ్‌ల షాపు వెనక పారేసిన ప్యాకింగ్ పెట్టెలు అడిగి తెచ్చుకున్నాం. ప్లైవుడ్ మంచిదే. మేకులు పీకేసరికి చేతులు బొబ్బలెక్కాయి.

నవంబర్ 13, రాత్రి
పక్కపలకలు రెండూ కోశాను. నాన్న అటుగా పోతూ ఆగి, కోసిన అంచు మీద వేలు పెట్టాడు. పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదన్నాను. తీశాడు. రంపం గీతలన్నీ ఎడమకి వాలాయి, పుర్రచేతి పని ఎక్కడున్నా దొరికిపోతుందే అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో అర్థం కాలేదు. మెచ్చుకున్నాడనే అనుకుని, అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

నవంబర్ 20
జాయింట్లు కుదరలేదు. మూడోసారి విప్పాను. ఏడ్చాను.

నవంబర్ 27
నిలబడింది! కుదిపినా కదలడం లేదు. సోడాబుడ్డి స్క్రీన్ బిగించింది. బటన్లుగా పాత కాలింగ్ బెల్ స్విచ్‌లు పెట్టాం. అమ్మ మూడుసార్లు ఆడి మూడుసార్లూ ఓడిపోయి, తప్పంతా స్విచ్‌లదే అంది. నాన్న చూడటానికి రాలేదు.

డిసెంబర్ 5
ఇవాళే ఎగ్జిబిషన్. సైన్స్ సార్ మా పెట్టె జాయింట్లు తడిమి తడిమి చూశారు. ఇది పదో క్లాసు పిల్ల పని కాదు, మీ నాన్నే చేశాడు కదూ, నిజం చెప్పమ్మా అన్నారు. నేనే చేశానన్నాను. వెనక పలక విప్పి గీతలు చూపించాను. ఇవి ఎడమకి వాలాయి సార్, మా నాన్నది కుడిచెయ్యి అన్నాను. సార్‌కి గీతల గురించి ఏం తెలుసు? మీ నాన్ననే అడుగుదాం అన్నారు.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్కడే ఉన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ గీతలు చదవగలిగిన మనిషి ఆ హాల్లో ఆయనొక్కడే. ఈలోగా ప్రిన్సిపల్ మేడం వచ్చి, ఎవరు చేశారోగానీ పని చాలా బాగుంది, మన స్కూల్లో బల్లలన్నీ మార్పిద్దామనుకుంటున్నాం అన్నారు.

నాన్న వంగి చూశాడు. అదే వేలితో అంచు తడిమాడు. నా వైపు చూడలేదు. నా పనే మేడం అన్నాడు. పిల్ల పక్కన నిలబడి పనిముట్లు అందించిందంతే అన్నాడు.

అందించిందంతే.

మమ్మల్ని పోటీలోంచి తీసేశారు. సోడాబుడ్డి నాతో ఒక్క మాట మాట్లాడకుండా స్క్రీన్ విప్పుకుని వెళ్ళిపోయింది. ఎందుకు మాట్లాడాలి?

డిసెంబర్ 6
అన్నాల దగ్గర నాన్న మొదలుపెట్టాడు. షెడ్డులో నెలల తరబడి పని లేదని నీకు తెలియదా, ప్రైజ్ అంటే ఒక కాగితం ముక్కే కదా అన్నాడు. కాగితం కాదు, బల్ల అన్నాను. ప్రైజ్ రాలేదుగా మరి, మాటంటే మాటే అని నవ్వాడు. అమ్మ ఆయన కంచం ఠపీమని పెట్టింది. నాకు ఆయన మొహం చూడాలంటేనే అసహ్యంగా ఉంది.

డిసెంబర్ 19
స్కూలు బల్లల పని ఆయనొక్కడి వల్ల కావడం లేదు. నన్ను పిలిచాడు. రంపం ముట్టుకోకూడదుగా అన్నాను. అవన్నీ ఇప్పుడెందుకే అన్నాడు.

వెళ్ళాను. ఆయన కోసం కాదు. కోస్తుంటే నాకు హాయిగా ఉంటుంది. అదే నా ఖర్మ.

జనవరి 18
కొత్త బల్లలు వచ్చాయి. మేడం అసెంబ్లీలో నాన్నకి చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను.

క్లాసులో నా బల్ల కింద చెయ్యి పెట్టి చూశాను. గీతలు ఎడమకే వాలి ఉన్నాయి. సోడాబుడ్డి బల్ల కింద కూడా.

రేపు సార్ టేబుల్ చూడాలి.