వెంటిలేటర్‌కు కట్టిన కవర్

మంగళవారం. దసరాకు ఇంకా వారం.

వానలు తగ్గినా గోడల చెమ్మ ఆరలేదు. బీరువా వెనక నల్లటి బూజు మళ్ళీ వచ్చింది. సున్నం వేయించేలోపు కిటికీలు తెరిచి ఆరబెడదామంటే, చీకటి పడగానే ఫ్యాక్టరీల వాసన లోపలికి కొడుతుంది. అందుకే పోయిన నెల మా ఆయన కంపెనీ నుంచి రెండు పెద్ద కవర్లు తెస్తే, ఒకటి వెంటిలేటర్‌కు బిగించి కట్టాను. కెమికల్ పౌడర్ బస్తాల లోపల వచ్చే కవర్లు. మా వీధిలో అవి లేని ఇల్లు లేదు.

అయినా వాసన పోలేదు. పైగా మా ఐదేళ్ళ పాప గౌరికి దగ్గు పట్టుకుంది.

ఈ సాయంత్రం మా అత్తమ్మ స్టూలెక్కి ఆ కవర్‌ను వాసన చూసింది. "బయట వాసన గాదు పిల్లా. గీ కవర్‌కెల్లే వస్తున్నది" అంది.

"కడిగే తెచ్చిన గదమ్మా" అన్నాడు మా ఆయన.

"దేంతోని కడిగినవ్ రా?"

"ఉత్త నీళ్ళతోని."

కవర్ పీకి బయట పడేశాను. పీడ వదిలిందనుకుంటుండగా ఆయన అడిగాడు, "ఇంకోటేది?"

నేల చెమ్మ తగలకూడదని గౌరి పరుపు కింద పరిచింది నేనే. దగ్గు మొదలైంది ఆ తర్వాతే.

అదీ లాగేశాం. పిల్ల ఇప్పుడు నా ఒళ్ళో పడుకుంది. వెంటిలేటర్ తెరిచే ఉంది, బయట వాసన మొదలైంది. పోయిన వారం గౌరిని చూసిన డాక్టరమ్మ, "ఇంట్ల కొత్తగ ఏమన్న తెచ్చిన్రా" అని అడిగింది.

ఏమీ లేదని ఎంత గట్టిగా చెప్పానో.