మంచు మీద పడ్డ నింద

వనపర్తి
20 ఏప్రిల్ 2008, ఆదివారం

కోపంల ఉన్నా బావే అయిన వెంకట్రాములుకు, ఆ కోపపు బావకు ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న చెల్లె పుష్పమ్మకు, జాఫర్ సలాములు, నమస్కారాలు.

ఇక్కడ నేను, గౌసియాబీ, ఆమె మోకాళ్ల నొప్పులు, అందరం బాగున్నం. మీ క్షేమం నిన్నే అడుగుదును గని నువ్వు జవాబియ్యవు. అందుకని ఆత్మకూరు బస్సు కండక్టరు హన్మంతును అడిగి తెలుసుకుంటున్న. కంటికి ఆపరేషన్ అయిందని, రెండు కండ్లకు కలిపి పచ్చగుడ్డ కట్టిన్రని, మంచంల పండుకొనే వచ్చిపోయెటోళ్లను అడుగుల చప్పుడుతోని గుర్తుపట్టి తిడుతున్నవని చెప్పిండు. పాణం మంచిగనే ఉన్నదని అర్థమైంది.

ఉత్తరం రాసేటందుకు ఇదే మోఖా అనుకున్న. నీ కండ్లు బాగుంటే నా అక్షరాలు చూడంగనే చింపేద్దువు. ఇప్పుడు చదివేది చెల్లె. ఆమె చింపదు. చెల్లే, మెల్లగ చదువు. ఏడన్న బావ అడ్డం తగిలితే తగలనియ్యి, ఆయన అలిసినంక మల్ల అందుకో.

అక్షరాలు వంకరగుంటే తప్పు నాది కాదు. నేను బడికి పోయినోణ్ని కాదని నీకెరుకే. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద చదువు నేర్చుకున్న. అందుకే నాకు ఏ వార్తయినా సగమే తెలుసు. ఒక రాజు పట్టాభిషేకం సంగతి చదువుతుంటే, ఆయన కిరీటం పెట్టుకునేకాడ నూనె మరక. ఆయన రాజయిండో లేదో ఇప్పటికీ తెల్వదు.

ఏం చెప్తున్న? ఆఁ, కోపం సంగతి.

మంచు గురించి మనకు కొట్లాట కొత్తది కాదు బావా. కురుమూర్తి జాతరల నేను కుల్ఫీ డబ్బా నెత్తిన పెట్టుకొని తిరిగే దినాలు. నువ్వు కొత్త పెండ్లికొడుకువు. ఒక కుల్ఫీ తిని, ఇంకొకటి కొని తువ్వాలల మూటగట్టినవ్. అది కరుగుతది పటేలా అంటే, నా పెండ్లానికి తీస్కపోత, నీకేం బాధ అన్నవ్. మల్ల యాడాది అదే జాతరల నన్ను దొరకబట్టి, నీది మోసం సరుకు, ఇంటికి పోయి మూట విప్పితే పుల్ల తప్ప ఏం లేదని పదిమందిల అంగి పట్టుకున్నవ్. నీ ఎనక చెల్లె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. ఆ నవ్వు చూసి నేను ఆమెకు కుల్ఫీ ఉత్తగనే ఇచ్చి చెల్లే అన్న. గట్ల నువ్వు బావవైనవ్. అంగికి గుండీలు మాత్రం ఇప్పటిదాక కుట్టియ్యలే.

ముసలితనంల గూడ మంచు నన్ను విడుస్తలేదు. పసిపిల్లలకు వాంతులు, విరేచనాలు రాకుంట వేసే ఈ చుక్కల మందు పరీక్షకు, వనపర్తిల పాత బియ్యం గోదామును కిరాయికి తీస్కొని సల్లగది కట్టిన్రు గదా. మంచు మిషన్లతోని బతికినోణ్నని మొదట నన్ను పిలిచింది ఆ గది మిషను రిపేరుకు. తర్వాత డాక్టరమ్మ స్వరూప, తాతా, మందు డబ్బాల బాధ్యత నువ్వే చూడు అన్నది. పొద్దుగాల గద్వాల దిక్కు, నాగర్‌కర్నూల్ దిక్కు డబ్బాలు పంపుడు, మాపటికి లెక్కవెట్టి వాపస్ తీస్కొనుడు. సోమశిల కాడికి పోయే డబ్బానయితే పడవల నడుమ పెట్టి దానికి గొడుగు పడతరు. పక్కన కూసున్న ఆడామె నెత్తి మాడిపోతున్నా ఎవ్వనికీ పట్టదు. ఇంట్లకు వచ్చిన కొత్తల్లునికి గూడ ఇంత మర్యాద నేను చూడలే.

ఈ మందు గుణం ఏందంటే, సల్లదనం ఎక్కువైనా చస్తది, తక్కువైనా చస్తది. రెండు డిగ్రీల కిందికి దిగొద్దు, ఎనిమిది దాటొద్దు. నీళ్లు నింపి గడ్డకట్టించిన ప్లాస్టిక్ మంచుబిళ్లలను ఫ్రీజర్‌లకెళ్లి తియ్యంగనే డబ్బాల పెట్టొద్దు. బల్ల మీద పరిచి, వాటికి చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలినట్టు వినవడేదాక ఆగాలె. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ కాడికి ఉరుకుడు. ఇంకో వింత చెప్త. ఆ సీసాలల్ల కొన్నిట్ల మందు ఉంటది, కొన్నిట్ల ఉండదు. చూసేటందుకు అన్నీ ఒకటే. ఏది ఏదో నాకు తెల్వదు, డాక్టరమ్మకు గూడ తెల్వదు. తెల్వకుంట ఉంటేనే పరీక్ష సక్కగ అయితదట. మందు లేని సీసాను గూడ మందు సీసా లెక్కనే సల్లగ కాపాడాలె. ఏది దేవుడో తెల్వక అన్ని రాళ్లకు మొక్కినట్టు ఉంటది నా పని.

ఇదంతా మీ ఊరోళ్లకు దాపరికం లేకుంట చెప్పిందే. ఇది పనిచేస్తదో లేదో చూసేటందుకే పరీక్ష, ఇష్టమైతేనే చేరున్రి అని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు పక్కన నిలబడి, సందేహం ఉన్నోళ్లు నన్నడుగున్రి అన్నవ్. ఎందుకన్నవో నాకెరుకే. పోయిన వానకాలంల మీ ఊరి పెంటయ్య మనుమనికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే భుజాన ఏసుకొని ఆత్మకూరు దవాఖానకు ఉరికింది నువ్వే. పిల్లగాడు దక్కలే.

ఇంక ఆ దినం సంగతి. హోళీ అయిన వారం, డబ్బా తీస్కొని నేను ముందు వచ్చిన. బడి రేకుల కింద ఎండ పొడుస్తున్నదని డబ్బాను మీ నడిమింట్ల పెట్టినం. డాక్టరమ్మ జీపు మదనాపురం కాడ పంక్చరై నిలబడ్డది. ఉత్తగ కూసునుడెందుకని నువ్వు నన్ను ఎంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగినవ్. తల్లులు శెనిగచేన్ల పని విడిసిపెట్టి, పిల్లలను సంకనేసుకొని మీ అరుగు మీదికి వచ్చిన్రు. పెంటయ్య గూడ వచ్చి ఒక మూలకు కూసున్నడు. ఆయనింట్ల ఇప్పుడు పసిపిల్లలు లేరు. ఊరికే చూద్దామని వచ్చిండు.

నేను లోపలికి పోయి డబ్బా మూత తీసిన. అందుల చేతిగడియారమంత మిషను ఒకటి ఉంటది, డబ్బా ఎచ్చబడితే ఎర్రదీపం వెలిగిస్తది. దీపం వెలిగి ఉన్నది. బయటికి వచ్చి, నా మంచు సరిపోలే, మందు ఎచ్చబడ్డది, ఇయ్యాల చుక్కలు లెవ్వు అని చెప్పిన.

వచ్చిన తల్లులల్ల ఈరమ్మ చెయ్యి తిప్పుకుంట, ముసలోళ్లిద్దరు మన పిల్లలతోని ఆటలాడుతున్నరు అన్నది. పెంటయ్య తువ్వాల దులుపుకొని లేచిపోయిండు. ఈరమ్మ మాట కన్నా అదే నిన్ను కోసింది. నాకు కనవడ్డది. అప్పుడే నువ్వు నా మీద లేచినవ్. మంచు అమ్మి బతికినోనివి, మంచు ఉన్నదో లేదో చూసుకోలేవా, నా మాట మీద వచ్చినోళ్ల ముందర నా పరువు తీసినవ్, ఇంక నా గడప తొక్కకు అన్నవ్. నేను తలకాయ దించుకొని డబ్బా సంకన పెట్టుకొని బస్సెక్కిన.

ఇంటికి వస్తే ఇంకో కచేరి. గౌసియాబీ నన్ను కిందికీ మీదికీ చూసి, నీ చేతి మంచు పగటికి ముందే కరిగిందంటే, నిఖా అయినకాడికెళ్లి నేను ఎవనితోని కాపురం చేస్తున్న అని అడిగింది. ఆడోళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు అచ్చయిన పేపరు నాకు ఇంతవరకు దొరకలే.

తప్పు నాదే బావా. నువ్వన్న మాటల ఒక్కటి గూడ ఎక్కువ లేదు. ఇంక నాలుగు తిట్లు బాకీ ఉన్నయనుకుంటే అవి గూడ అను. చెల్లే, ఇక్కడ జర ఆగి ఆయనను అననియ్యి.

అయిపోయినయా? ఇప్పుడు పని మాట. ఈ బేస్తవారం డబ్బా మల్ల మీ ఊరికి వస్తది. ఈ చుక్కలు మొదలువెట్టేటందుకు పసిపిల్లలకు ఒక ఈడు ఉన్నది, అది దాటితే చేర్చుకోరు. మీ ఊరి పిల్లలల్ల శానమందికి ఈ బేస్తవారమే ఆఖరు. నీ బిడ్డ జోగులమ్మ పాప గూడ అందుల ఉన్నది. నిన్న డాక్టరమ్మ మనిషిని పంపితే, వెంకట్రాములు చెప్తేనే వస్తమని తల్లులు అన్నరంట. నువ్వు చెప్పు అని నేను బలవంతం చేస్తలేను. రమ్మని గూడ చెప్పొద్దు. ఉన్నమాట చెప్పు చాలు. పోయినసారి పాడైన మందు ఏ పిల్ల నోట్లె పొయ్యలే, అనుమానం వచ్చిన సీసాలన్నీ వాపస్ తీస్కపోయిన్రు అని అరుగు మీద కూసుండి ఒక్క మాట చెప్పు. వచ్చేది, రానిది తల్లుల ఇష్టం. పచ్చగుడ్డ కట్టుకొని కూసుంటే ఇంక బాగ నమ్ముతరు, న్యాయదేవత లెక్క కనిపిస్తవ్.

నా ముఖం చూడనంటవా, చూడకు. కండ్లకు గుడ్డ ఉన్నది, నీ ఒట్టుకు గూడ భంగం రాదు. గడప తొక్కకు అన్నవ్ గనుక నేను గడప ఇవతల్నే నిలబడి డబ్బా లోపలికి అందిస్త. గౌసియాబీ నీకు కజ్జికాయలు పంపుతది. వాటి మీద మాత్రం కోపం చూపకు, అవి మంచుతోని చేసినయి కావు.

కండ్లల నీళ్లు పడనియ్యకు. పొగకాడ కూసోకు. తల దించి ఎడ్లకు గడ్డి వెయ్యకు, చెల్లె మాట విను. జోగులమ్మకు, పసిపిల్లకు నా దువా.

ఇట్లు,
నీ గడప ఇవతలి బావ,
జాఫర్

తా.క.

చెల్లే, ఇక్కడికెళ్లి పైకి చదవకు. పెదవులు గూడ కదపకు. బావకు కండ్లు కట్టిన్రు గని చెవులు కట్టలే.

మొన్న జోగులమ్మ బిడ్డను చూపించేటందుకు ఇక్కడి దవాఖానకు వచ్చింది. అమ్మ పాపకు తానం పోస్తలేదు మామా, ఎత్తుకొమ్మంటే పక్కకు జరుగుతది అని కండ్లనీళ్లు పెట్టుకున్నది. ఈ ఉత్తరం అసలు అందుకే రాసిన. బావ కోపం నాలుగు దినాలు ఆగినా కొంప మునగదు.

ఆ దినం నా మంచుకు ఏం కాలే. మూత తీసినప్పుడు బిళ్లలు గట్టిగనే ఉన్నయి. సీసాలు మాత్రం నూనె రాసి తానం పోసిన పసిపిల్లల లెక్క ఎచ్చగున్నయి. సాంబ్రాణి వాసన వచ్చింది. ఒక సీసా మీద పసుపు ఏలిముద్ర ఉన్నది. గంత సల్లటిది పసిపిల్ల గొంతుల పడితే పడిశం పడతదని, మేము ఊరు తిరిగి వచ్చేలోపట నువ్వే సీసాలను తానం నీళ్ల కాగుల పెట్టి ఎచ్చజేసి, తుడిచి, మల్ల వరుసగ పేర్చి పెట్టినవ్. నేను మూత తీసేటప్పుడు తలుపు చాటుకు నువ్వు నిలబడి ఉన్నవ్. నేను బయటికి పోయి మందు ఎచ్చబడ్డదని చెప్పేదాక, చేసింది తప్పని నీకు తెల్వదు. ఆ సంగతి నీ ముఖం చూసిన నాకు తెలుసు.

ఎవ్వరి పిల్లకూ ఏం కాలే. ఒక్క చుక్క ఎవ్వరి నోట్లె పడలే. డాక్టరమ్మకు నేను అదే దినం ఉన్నదున్నట్టు చెప్పిన. పరీక్షల అబద్ధం నడవదు. ఆమె నీ మీద కోపానికి రాలే. డబ్బా ముట్టొద్దని చెప్పినం గని, సల్లగ ఎందుకుండాలెనో ఇంట్లోళ్లకు ఎవ్వరం చెప్పలే తాతా, అన్నది. ఇప్పుడు అన్ని ఊర్లల్ల తల్లుల కన్నా ముందు అమ్మమ్మలను, నాయనమ్మలను కూసోబెట్టి చెప్తున్నరు. ఇక్కడి మా గల్లీల ముసలమ్మలు గూడ నువ్వు చేసిందే చేద్దుమని ఒప్పుకున్నరు. నీ పేరు ఏడా రాదు.

బావకు చెప్పుడా, చెప్పకపోవుడా, అది నీ ఇష్టం. నాకయితే తొందర లేదు. నా మీద అరిస్తే నేను బస్సెక్కి ఇంటికి వస్త. నీ మీద అరిస్తే నువ్వు ఏ బస్సెక్కుతవ్?

రేపు పొద్దుగాల పాపకు నువ్వే తానం పొయ్యి. నీళ్లు ఎచ్చగ పెట్టు.

ఇంతసేపు ఆగినవేందని బావ ఈపాటికి అడుగుతనే ఉంటడు. జాఫర్ సంతకం కోడి గెలికినట్టు ఉన్నది, కూడవలుక్కుంటున్న అని చెప్పు. నమ్ముతడు.